పటంలో మన పేరేది?

(తాడేపల్లిగూడెంలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగపాఠం)



పటాలూ కంప్యూటర్లూ ఇంజనీర్ల వ్యవహారం కదా, స్త్రీల హక్కుల సమావేశంలో ఇదేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. ఏ భూమి ఎవరిదో, ఏ చెరువు గట్టు ఉండాలో, ఏది పోవాలో తేల్చేటప్పుడు ఇవాళ ముందు పెట్టేది ఆ పటాలనే. అందుకే ఈ విషయం తీసుకున్నాను.

ముందు పని ఎలా జరుగుతుందో చెప్తాను. పాత కాగితపు పటాన్ని స్కాన్ చేస్తారు. అప్పటికది ఫొటో మాత్రమే. నేల మీదా పటంలోనూ మారకుండా ఉన్న గుర్తుల్ని ఎంచుకుంటారు: ఏలూరు కాలవ మీది వంతెన, రైలు గేటు, మూడు ఊళ్ళ పొలిమేరలు కలిసే రాయి. వాటికి అక్షాంశ రేఖాంశాలిస్తారు. కనీసం మూడు గుర్తులుండాలి, ఎక్కువుంటే మరీ మంచిది. తర్వాత కాలవల్నీ గట్లనీ పొలాల హద్దుల్నీ కంప్యూటర్లో మళ్ళీ గీస్తారు. ఒక్కో పొలానికి పట్టికలో ఒక వరస: సర్వే నంబరు, విస్తీర్ణం, హక్కుదారు పేరు.

ఇందులో రెండు ప్రమాదాలున్నాయి. మొదటిది, కాగితం మీది తప్పు కంప్యూటర్లోకి వెళ్ళాక ఒప్పులా కనిపించడం. 1:50,000 పటంలో అర మిల్లీమీటరు మందం గీత నేల మీద 25 మీటర్లు. తెర మీద ఎంత పెద్దది చేసి చూసినా ఆ అనుమానం పోదు.

కొల్లేరులో ఇది బతుకు సమస్య. 1999 అక్టోబరులో ప్రభుత్వం 5 అడుగుల ఎత్తు గీత లోపలున్న 308 చదరపు కిలోమీటర్లని అభయారణ్యంగా ప్రకటించింది. 5 అడుగులంటే ఒకటిన్నర మీటరు. మామూలు 1:50,000 సర్వే పటంలో ఎత్తు గీతల మధ్య తేడా సాధారణంగా 20 మీటర్లు. అంటే ఈ గీత అందులో దొరకదు, విడిగా లెవెల్స్ తీసి వెయ్యాలి. పళ్ళెంలాంటి ఆ నేల మీద ఎత్తులో జానెడు తేడా వస్తే గీత ఎంతో దూరం జరుగుతుంది. 2006లో చెరువు గట్లు పగలగొట్టారు. 2008లో శాసనసభ ఆ గీతని 3 అడుగులకి తగ్గించమని తీర్మానించింది. తర్వాత అజీజ్ కమిటీ 5 అడుగులే ఉండాలంది. గీత ఇటు జరిగినా అటు జరిగినా కూలి పోయేదీ, వేట పోయేదీ పేదింట్లోనే.

రెండో ప్రమాదం, కాగితం మీద లేనిది కంప్యూటర్లోకీ రాకపోవడం. పరిశోధన కోసం ఒక లంక గ్రామానికి పటం పట్టుకెళ్ళాను. ఒక పెద్దావిడ దాన్ని కాసేపు చూసి, "ఇందులో మేం కిక్కిస కోసుకునే చోటేదమ్మా? చేపలు ఎండేసుకునే దిబ్బేది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆమె అరుగు మీద ముగ్గుపిండితో గీసి చూపించింది. రేవు, కిక్కిస, దిబ్బ, ఎండాకాలం నడిచే బాట. దాన్ని కాగితం మీదికెక్కించి, జి.పి.యస్. పట్టుకుని ఆమె వెంట నడిచి, ఒక్కో చోట చుక్క తీసుకున్నాం. ఆ ముగ్గు పాత పటం మీద సరిగ్గా కూర్చుంది. పెద్ద చదువులు చదివిన నాకు అంతవరకూ ఆ మాట తట్టలేదని ఒప్పుకుంటున్నాను.

ఇక పొలాల సంగతి. 2020 డిసెంబరులో మన రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలైంది. గొలుసుతో కొలిచిన పాత ఎఫ్.ఎం.బి.ల స్థానంలో డ్రోన్లతో తీసిన కొత్త పటాలొస్తున్నాయి. కొలత కొత్తదే, మరి పేరో? పాత అడంగల్లోని మగవాడి పేరే పట్టికలోకి ఎక్కితే ఒరిగేదేమిటి? హిందూ వారసత్వ చట్టంలో 1986లో మన రాష్ట్రమూ, 2005లో దేశమంతటా కూతుళ్ళకి తెచ్చిన వాటా ఆ వరసలో కనబడదు.

అందుకని మనం అడగాల్సినవి చాలా మామూలువి. సర్వే నోటీసు ఇంట్లోని స్త్రీకి కూడా ఇవ్వాలి. పటం ఖాయం చేసే ముందు గ్రామసభలో పెట్టి, చదవలేనివాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలి. అందులో తప్పు ఎన్ని మీటర్ల వరకూ ఉండొచ్చో పటం మీదే రాయాలి. రేవులూ దిబ్బలూ బాటలూ ఎక్కించాలి.

సర్వే వాళ్ళు వచ్చిన రోజు "ఆయన ఇంట్లో లేరండీ" అని లోపలికి వెళ్ళిపోకండి. రాయి దగ్గరకెళ్ళి నిలబడండి. మన పేరు చెప్పి, రాసుకున్నారో లేదో చూసి మరీ రండి.