దిండు కింది నవల



మధ్యాహ్నం భోజనాలయ్యాయి. పిల్లలు బడినుంచి వచ్చేలోగా ఓ రెండు గంటల తీరిక. మీరు మంచంమీద నడుం వాల్చి నవల తెరిచారు. అంతలో వీధి తలుపు చప్పుడయింది. పుస్తకం కాస్తా దిండు కిందికి వెళ్ళిపోయింది. అవునా, కాదా? నేనేమీ అనుకోను, నేనూ అంతే. కాని ఇవాళ మిమ్మల్ని ఒక్కమాట అడుగుతాను. ప్రేమకథ చదువుకొని సంతోషించడం అంతగా దాచవలసిన తప్పా?

మా పుట్టిల్లు నెల్లూరు జిల్లా జలదంకి. వ్యవసాయ కుటుంబం. వారపత్రిక కావలినుంచి బస్సులో రావాలి. వచ్చాక నాలుగిళ్ళు తిరిగి మా అక్క చేతికి చేరేసరికి దానికి అట్ట ఉండేది కాదు. అక్క సీరియల్ పేజీలు తీసి, సూదీదారంతో కుట్టుకొని, బియ్యం డబ్బా వెనక దాచేది.

యద్దనపూడి సులోచనారాణిగారి 'మీనా' కూడా అలా చేతులు మారుతూనే నా దగ్గరికి వచ్చింది. పట్నంలో తల్లి కట్టడిలో పెరిగిన అమ్మాయి పల్లెకు వచ్చి, వ్యవసాయం చేసుకొనే కృష్ణను ప్రేమిస్తుంది. 1973లో విజయనిర్మలగారు దాన్ని సినిమాగా కూడా తీశారు. ఆ నవల చదువుతూ ఓ రోజు అమ్మకు దొరికిపోయాను. వీపు విమానం మోత మోగుతుందనుకొన్నా. మా అమ్మకు చదువు రాదు. చేటలో బియ్యం ఏరుకుంటూ, "దాచబోకు. గట్టిగా చదువు, నేనూ వింటా" అంది.

ఇక రోజూ పారాయణమే! నాయికా నాయకులు దగ్గరయ్యే చోట నేను గొంతు తగ్గిస్తే, "ఏందే, మాటలు మింగుతుండావు?" అనేది. నవల అయిపోయిన రోజున చేట పక్కన పెట్టి, "సేద్యం చేసుకొనేవాడికీ ప్రేమ ఉంటుందని రాశారే!" అంది. నవ్వులాటకు అన్న మాట కాదది. అన్నేళ్ళ కాపురంలో నాన్న ఆమెను ఎన్నో అడిగాడు. విత్తనాలు ఎక్కడ పెట్టావు, కూలీలకు సంగటి అయిందా, గేదె ఈనిందా అని. "నీకేం కావాలి?" అని మాత్రం అడగగా నేను వినలేదు. ఆ మాట కోసం ఆమె ఎదురుచూసిందని ఆ రోజుదాకా నాకు తెలియలేదు.

ఈమధ్య మా అమ్మాయి తన పిల్లలతో సెలవులకు వచ్చింది. పక్క సర్దుతుంటే దాని దిండు కింద ఓ ఇంగ్లీషు నవల కనిపించింది. వంశపారంపర్యం కాబోలు! లైలా సేజ్ అనే ఆవిడ రాసిన 'రెబెల్ బ్లూ రాంచ్' వరుసలో మొదటిది, 2023లో వచ్చిన 'డన్ అండ్ డస్టెడ్'. అమెరికాలో వ్యోమింగ్ అనే చోట గుర్రాలూ పశువులూ ఉన్న పెద్ద కమతం. ఆ ఇంట ఇద్దరన్నలు, ఒక చెల్లెలు. చెల్లెలు అన్నగారి ప్రాణస్నేహితుణ్ణి ప్రేమిస్తుంది. అన్నకు తెలిస్తే ఏమవుతుందోనని భయం. పేర్లు మారిస్తే మా జలదంకి కథే! తరవాతి పుస్తకాల్లో అన్నల ప్రేమకథలు.

మా కాలం నవలలు పడకగది తలుపు దగ్గరే ఆగిపోయేవి. ఇవి లోపలికి తీసుకుపోతాయి. మొదట నాకు చెవులు వేడెక్కాయి. నిజం చెప్పవద్దూ, పుస్తకం మాత్రం మూయలేదు. అక్కడ ఆడపిల్ల తనకేం కావాలో నోరు తెరిచి చెబుతుంది. అతను వింటాడు. శృంగారం బాగానే ఉంది. అంతకన్నా ఆ వినడం నాకు నచ్చింది.

ఇవన్నీ ఉత్త కలలు, చదివితే ఆడవాళ్ళు చెడిపోతారు అనేవారున్నారు. కలలే. కలుపు తీసి పగిలిన చేతులు ఈ కథల్లో ఎంత వెదికినా అరుదే. ఆ సంగతి మనకు తెలియకనా? కథలో నాయకుణ్ణి తెచ్చి ఇంట్లో మనిషి పక్కన నిలబెట్టి కొలవమని నేననడం లేదు. కాని కథను చులకన చేయకండి. మా జలదంకికి ఎంతో దూరంలేని దూబగుంటలో, 1990ల మొదట్లో, అక్షరాస్యత వాచకంలో కథ చదువుకొన్న ఆడవాళ్ళు "ఇది మా కథే" అని లేచి సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం పెరిగి పెరిగి, 1993 అక్టోబరు 1నుంచి రాష్ట్రంలో సారా నిషేధం తెచ్చింది. సారా బాధ వేరు, ప్రేమకథ వేరు. అయినా మనసులో మూగగా ఉన్న మాటకు కథ నోరిస్తుందన్నది రెండు చోట్లా నిజమే.

మా అమ్మ ఇప్పుడు లేదు. తనకేం కావాలో ఎవరికీ చెప్పకుండానే వెళ్ళిపోయింది. మీరు చెప్పవచ్చు. ఇవాళ తలుపు చప్పుడైతే పుస్తకం దాచబోకండి. వచ్చింది మీవారే అయి, "ఏం చదువుతున్నావు?" అని అడిగితే, మీకు బాగా నచ్చిన పేజీ తీసి గట్టిగా చదవండి. మాటలు మాత్రం మింగవద్దు.

సెలవు.