కొత్త అద్దాలు – పాత అలవాట్లు
(పెన్షనర్స్ డే సభలో చేసిన ప్రసంగ పాఠం)

డిసెంబరు 17 అనగానే మనకు 1982 నాటి నకారా కేసు తీర్పే గుర్తుకొస్తుంది. దాని గురించి వక్తలు చక్కగా చెప్పారు. నన్ను మాత్రం కార్యదర్శి గారు “మీ అద్దాల కథ చెప్పండి” అన్నారు. నవ్వులాటకు అన్నారేమో గాని, నేను నిజంగానే చెబుతాను.

నేను 1974లో ఆసిఫాబాద్ తాలూకా ఆఫీసులో గుమస్తాగా చేరి, 2007లో కరీంనగర్ కలెక్టరేట్‌లో రిటైరైనాను. నలభై దాటాక చత్వారం వచ్చింది. తరువాత అడ్డగీత ఉన్న బైఫోకల్ అద్దాలు ఇరవై యేండ్లు వాడాను. పోయిన యేడు మా అబ్బాయి పట్టుబట్టి గీత లేని ప్రోగ్రెసివ్ అద్దాలు చేయించాడు. పైభాగం దూరానికి, మధ్య భాగం మధ్య దూరానికి, కిందిది చదువుకు. ఫ్రాన్సులో 1959లోనే వచ్చినవట. మన దాకా రావడానికి ఇంతకాలం పట్టింది.

పెట్టుకున్న మొదటి పూటే గచ్చు ఒక పక్కకు ఒరిగినట్టనిపించింది. తలుపు దర్వాజా వంకరగా ఉంది. దుకాణం వారికి ఫోను చేస్తే “అలవాటవుతుంది సార్, పదిహేను రోజులు ఓపిక పట్టండి” అన్నారు. పట్టాను. తొమ్మిదో రోజు పొద్దున వాకిట్లో మెట్టు దిగబోయి, మెట్టు ఉన్నచోట అడుగు పడక కూలబడ్డాను. మోకాలు చీరుకుపోయింది. మా ఇంటావిడతో గడప తట్టుకుందని అబద్ధమాడాను. ఎందుకంటే, అంతకు కొన్ని నెలల ముందే మన సంఘ మిత్రుడొకరు అట్లాగే పడి తుంటి ఎముక విరిగి మంచం పట్టారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. నాకు అద్దాల మీద కోపం కంటే, ఇక నా పని అయిపోయిందేమోనన్న భయం ఎక్కువైంది.

“ఏంది తాతా, పేపరు చదువుతలేవు?” అని మనుమడు అడిగినప్పుడు సిగ్గనిపించింది. వాణ్ణి వెంటబెట్టుకుని మరో కంటి దవాఖానకు పోయాను. అక్కడి అమ్మాయి అద్దాలను యంత్రం కింద పెట్టి, నా చీటీ అడిగింది. చీటీలో ఎడమ కంటికి సిలిండర్ యాక్సిస్ 80. అద్దంలో ఉన్నది 180! ఒక ఒకటి అంకె ఎక్కువ పడింది, అంతే.

మిత్రులారా, ముప్పై మూడేండ్లు ఫెయిర్ కాపీని అసలుతో పోల్చి చూసి సంతకం పెట్టినవాణ్ణి. నా కంటి చీటీని మాత్రం పోల్చలేదు.

అద్దం మార్పించాక గచ్చు సమంగా నిలిచింది. ఐనా పక్కలకు చూస్తే అలలాడేది. అది తప్పు కాదు, ఆ అద్దాల గుణమే అట. కళ్లు తిప్పకుండా మెడ తిప్పాలి. మెట్లు దిగేటప్పుడు గదవ దించి, పైభాగంలోంచి చూడాలి. పది పన్నెండు రోజులకు కుదిరింది. చక్కెర జబ్బున్న వారికి ఒక మాట: చక్కెర ఎక్కువతక్కువలౌతున్నప్పుడు పవరు కూడా మారుతుంది. అది అదుపులోకి వచ్చాకే పరీక్ష చేయించుకోండి. ఒక్కసారిగా చూపు మసకబారినా, ఒకటి రెండుగా కనబడినా అద్దాలను తప్పుపట్టుకుంటూ కూచోవద్దు, డాక్టరు దగ్గరికి పోండి.

2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగులో మా ఊళ్లో చాలామందికి చదువు అద్దాలు ఇచ్చారు. కొందరు వాటితోనే పొలానికి నడిచి, నేల పైకి లేస్తున్నదని పెట్టెలో పడేశారు. అవి దగ్గరి చూపుకేనని ఎవరూ విడమరిచి చెప్పినట్టు లేదు. మన ఉమ్మడి ఆదిలాబాద్‌లో ముథోల్‌లో ఎల్.వి.ప్రసాద్ వారి కంటి కేంద్రం 1996 నుంచీ ఉంది, ఆ వైపు వారు గుర్తుంచుకోండి.

మోకాలి సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఈ సంచిక అచ్చయి వచ్చాక మా ఇంటావిడ చదువుతుంది. ఆమెవి బైఫోకల్ అద్దాలే, చక్కగా కనబడతాయి. సెలవు.