టిన్ను మూత తీసే ముందు, ట్యాంకులోకి దిగే ముందు

(మన సంఘం శుక్రవారం సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. డ్యూటీ వల్ల రాలేకపోయిన వాళ్ల కోసం రాసి పంపుతున్నాం.)



వారానికి దొరికేది ఒక్కరోజు సెలవు. బట్టలు ఉతుక్కోవాలి, కూరలు తెచ్చుకోవాలి, ఇంటికి ఫోను చేయాలి. అవన్నీ పక్కన పెట్టి వచ్చారు కాబట్టి సూటిగా విషయానికి వస్తాను. ఈరోజు రెండు పనుల గురించి మాట్లాడతాను. ఒకటి, ట్యాంకులకూ పైపులకూ కోటింగ్ కొట్టే పని. రెండోది, నీళ్ల ప్లాంటులో పని. జగిత్యాల, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాలు, శ్రీకాకుళం, ఎక్కడి నుంచి వచ్చినా మనలో చాలామంది ఈ రెండిట్లో ఏదో ఒకదాంట్లో ఉన్నాం. పెయింటర్, బ్లాస్టర్, హెల్పర్, ట్యాంక్ క్లీనర్, పేరేదైనా సరే.

ఈ పనుల్లో మనం వాడే ప్రతి సరుకూ ఒకప్పుడు ఎవరో కనిపెట్టిందే. ఆ కనిపెట్టిన వాళ్లు గొప్పవాళ్లు. వాళ్లు ఇనుమును కాపాడారు, నీళ్లను కాపాడారు. కానీ ఆ డబ్బా మూత తీసే మనిషి ఊపిరి సంగతి డబ్బా మీద చిన్న అక్షరాల్లో రాసి వదిలేశారు. ఆ చిన్న అక్షరాల్లో ఏముందో మన భాషలో చెప్పడానికే వచ్చాను.

*ముందు నీళ్ల సంగతి*

ఈ గల్ఫ్ దేశాల్లో నది లేదు, చెరువు లేదు. ఒకప్పుడు కువైట్ వాళ్లు తాగే నీళ్లను ఇరాక్ వైపు షత్ అల్ అరబ్ నది నుంచి పడవల్లో తెచ్చుకునేవారు. 1950ల నుంచి సముద్రపు నీళ్లను కాచి, ఆవిరి చేసి, చల్లార్చి తాగునీరు చేసే పెద్ద ప్లాంట్లు వచ్చాయి. దానికి నూనె, గ్యాస్ బాగా ఖర్చవుతుంది.

1960 ప్రాంతంలో అమెరికాలోని లాస్ ఏంజిలస్ యూనివర్సిటీలో సిడ్నీ లోబ్, భారతదేశంలో పుట్టిన శ్రీనివాస సౌరిరాజన్ కలిసి ఒక పలచని పొర తయారుచేశారు. ఒత్తిడి పెట్టి తోస్తే నీళ్లు అవతలికి పోతాయి, ఉప్పు ఇవతలే ఆగిపోతుంది. అదే మెంబ్రేన్. మనం ఆర్వో అనేది దాన్నే. 1965లో కాలిఫోర్నియాలోని కోలింగా అనే చిన్న ఊళ్లో ఈ పద్ధతితో జనానికి నీళ్లిచ్చే ప్లాంటు నడిచింది. ఇవాళ మన క్యాంపులో కుళాయి తిప్పితే వచ్చే నీళ్ల వెనక ఆ పొర ఉంది.

నీళ్లు చెడితే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. నల్గొండ వైపు, ప్రకాశం వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన పెద్దవాళ్లను చూసినవాళ్లు ఈ హాల్లోనే ఉంటారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడ్ తగ్గించే విధానాన్ని నాగపూర్‌లోని నీరీ సంస్థ 1970లలో తయారుచేసింది. దాని పేరే నల్గొండ టెక్నిక్. మన జిల్లా పేరు నీళ్ల పుస్తకాల్లోకి ఎక్కింది ఆ బాధ వల్లనే.

సముద్రపు నీళ్లను మెంబ్రేన్ గుండా తోయాలంటే సుమారు 60 బార్ల ఒత్తిడి కావాలి. కారు టైరులో ఉండేది 2 బార్ల పైచిలుకు. అందుకే హై ప్రెషర్ లైన్‌లో సన్న చిల్లు పడి నీళ్లు చిమ్ముతుంటే చెయ్యి అడ్డం పెట్టకండి. అది కత్తిలా కోస్తుంది. లైన్ ఆపించండి, తర్వాత చూద్దురు.

*ఇక ఇనుము*

లీటరు సముద్రపు నీళ్లలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. గల్ఫ్ నీళ్లలో ఇంకా ఎక్కువ. ఆ ఉప్పు గాలి తగిలితే చాలు, ఇనుము తుప్పు పడుతుంది. అందుకే మనకు ఇంత పని. ఇక్కడి స్ట్రక్చర్ల మీద మామూలుగా మూడు కోట్లు కొడతారు. కింద జింక్, మధ్యలో ఎపాక్సీ, పైన పాలీయురెథేన్. సైటులో దాన్ని పీయూ అంటాం.

జింక్ కథ ఆస్ట్రేలియాది. 1930లలో అక్కడ విక్టర్ నైటింగాల్ అనే ఆయన జింక్ సిలికేట్ కోటింగ్ తయారుచేశాడు. తర్వాత మోర్గాన్ నుంచి వయాలా దాకా నీళ్లు మోసే 350 కిలోమీటర్ల పై పైపులైనుకు దాన్ని వేశారు. అది దశాబ్దాల తరబడి నిలబడింది. కారణం ఏంటంటే, జింక్ తాను ముందు కరిగిపోయి ఇనుమును కాపాడుతుంది. వెల్డింగ్ చేసే అన్నలకు మాత్రం ఒక మాట: జింక్ కోటింగ్ గీకకుండా దాని మీద వెల్డింగ్ చేస్తే వచ్చే తెల్ల పొగ పీల్చాక సాయంత్రానికి చలి, జ్వరం, ఒళ్లునొప్పులు వస్తాయి. అది మలేరియా కాదు, ఆ పొగ వల్ల వచ్చే జ్వరం. గీకి వెల్డింగ్ చేయండి, పొగ లాగే ఫ్యాన్ అడగండి.

ఎపాక్సీకి మొదటి వాడకం పళ్ల డాక్టర్ల దగ్గర. 1930ల చివర్లో స్విట్జర్లాండ్‌లో పియరీ కాస్తాన్ కట్టుడు పళ్ల సామాను కోసం దాన్ని తయారుచేశాడు. ఇప్పుడు నీళ్ల ట్యాంకుల లోపలంతా అదే. ఎపాక్సీ చర్మం మీద పడితే మొదట్లో ఏమీ అనిపించదు. నెలలు గడిచాక ఒకరోజు చేతులు ఎర్రబడి, దురద, పొక్కులు మొదలవుతాయి. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే తర్వాత చుక్క పడినా లేస్తుంది. చాలామంది థిన్నర్‌తో చేతులు కడుగుతారు. అది చర్మంలోని నూనెనంతా తీసేసి మందును ఇంకా లోపలికి పంపుతుంది. సబ్బు, నీళ్లు, హ్యాండ్ క్లీనర్ వాడండి. నైట్రైల్ గ్లౌజులు అడగండి. నూలు గ్లౌజులు పీల్చుకుంటాయి, వాటివల్ల లాభం లేదు.

*పార్ట్ బి డబ్బా*

ఈరోజు నేను చెప్పే వాటిలో ఒక్కటే గుర్తుంచుకోగలిగితే దీన్ని గుర్తుంచుకోండి. పాలీయురెథేన్‌ను 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ బృందం కనిపెట్టింది. ఎండకు వెలవని, గట్టిగా మెరిసే పైకోటు అదే. పార్ట్ ఏ పెద్ద టిన్ను, పార్ట్ బి చిన్న టిన్ను. ఆ చిన్న టిన్నును మనం హార్డెనర్ అంటాం. అందులో ఉండేది ఐసోసైనేట్.

థిన్నర్ వాసన ముక్కుకు తగులుతుంది, కాబట్టి మనిషి జాగ్రత్త పడతాడు. ఐసోసైనేట్ అలా కాదు. వాసన తెలిసేసరికే అది ఉండాల్సిన దానికంటే ఎక్కువ ఉంటుంది. స్ప్రే కొట్టినప్పుడు సన్న తుంపరగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కొందరికి దానివల్ల ఆస్తమా వస్తుంది. ఒకసారి వచ్చిందంటే పక్క బేలో ఎవరో స్ప్రే కొట్టినా ఈ మనిషికి ఆయాసం అందుకుంటుంది.

దాన్ని పట్టుకునే గుర్తు చెప్తాను. రాత్రిళ్లు దగ్గు, ఛాతీ బిగుసుకుపోవడం, పిల్లికూతలు. సెలవు రోజున కాస్త తేలిక. ఊరికి పోతే పూర్తిగా తగ్గుతుంది. తిరిగొచ్చి డ్యూటీ ఎక్కగానే మళ్లీ మొదలు. ఏసీ పడలేదనో, దుమ్మనో అనుకుని దగ్గు సిరప్ తాగుతూ ఏళ్లు గడిపేస్తారు. డాక్టరు దగ్గరికి పోయినప్పుడు "నాకు దగ్గు" అని ఊరుకోకండి. "నేను పీయూ పెయింట్ స్ప్రే కొడతాను, సెలవులో తగ్గుతుంది, పనిలో పెరుగుతుంది" అని చెప్పండి. ఆ ఒక్క ముక్కతో డాక్టరు ఆలోచన మారుతుంది.

గుడ్డ కట్టుకున్నా, కాగితం మాస్కు పెట్టుకున్నా ఇది ఆగదు. పీయూ స్ప్రేకు బయటి నుంచి మంచి గాలి ట్యూబులో వచ్చే మాస్కు కావాలి. బ్లాస్టింగ్‌కు కూడా గాలి వచ్చే హెల్మెట్టే. ఇసుకతో బ్లాస్టింగ్ చేస్తే వచ్చే సన్న దుమ్ము ఊపిరితిత్తులను గట్టిపరుస్తుంది, దానికి మందు లేదు. బ్రిటన్‌లో 1950 నుంచే ఇసుక బ్లాస్టింగ్ బంద్. దాని బదులు గార్నెట్ వాడతారు. మన శ్రీకాకుళం తీరం ఇసుకలో కూడా ఈ గార్నెట్ ఉంది.

*నీళ్ల ప్లాంటులో రెండు డబ్బాలు*

1908లో అమెరికాలోని జెర్సీ సిటీలో ఊరి నీళ్లన్నిటికీ క్లోరిన్ కలపడం మొదలుపెట్టారు. టైఫాయిడ్, కలరా తగ్గడంలో క్లోరిన్‌ది పెద్ద చెయ్యి. కానీ అదే క్లోరిన్ గ్యాసుగా లీకైతే మనిషిని తీస్తుంది. ప్లాంటులో హైపో డ్రమ్ములు ఉంటాయి, మెంబ్రేన్లు కడగడానికి యాసిడ్ డ్రమ్ములు ఉంటాయి. ఈ రెండూ ఒకే బకెట్లో, ఒకే కాలువలో కలవకూడదు. కలిసిన క్షణం క్లోరిన్ లేస్తుంది. క్యాంపులో బాత్రూం కడిగేటప్పుడు కూడా ఇదే లెక్క: క్లోరాక్స్ లాంటి బ్లీచ్, యాసిడ్ కలపొద్దు.

క్లోరిన్ గాలికంటే రెండున్నర రెట్లు బరువు. కిందకు దిగుతుంది, గుంటల్లో నిలుస్తుంది. లీకైతే గాలి ఎటునుంచి వస్తుందో చూసి అటు ఎదురుగా, ఎత్తుకు పోండి. నేలకు వంగి పాకకండి, అది మంట పొగకు చెప్పే ఉపాయం.

మురుగునీటి ప్లాంటులో ఇంకొకటి ఉంది, కుళ్లిన గుడ్డు వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్. అది 100 పీపీఎం దగ్గరికి వచ్చిందంటే ముక్కుకు వాసన తెలియడం మానేస్తుంది. వాసన పోయింది కదా, గ్యాస్ పోయిందనుకుని దిగినవాళ్లు మళ్లీ పైకి రాలేదు.

*ట్యాంకు*

మూసి ఉన్న ఇనుప ట్యాంకులో ఏ రసాయనమూ లేకపోయినా ప్రాణం పోవచ్చు. ఎలాగంటే, ఇనుము తుప్పు పట్టాలంటే ఆక్సిజన్ కావాలి. రోజుల తరబడి మూసి ఉంటే ఆ తుప్పే లోపలి ఆక్సిజన్‌ను తినేస్తుంది. బయటి గాలిలో 20.9 శాతం ఉంటుంది. 19.5 కంటే తగ్గితే దిగకూడదు. బాగా తగ్గిన చోట రెండు మూడు ఊపిరులకే కళ్లు తిరిగి పడిపోతాడు, కేక పెట్టడానికి కూడా టైం ఉండదు. మామూలు ఫిల్టర్ మాస్కు అక్కడ పనికిరాదు, అది గాలిని వడగడుతుందే తప్ప ఆక్సిజన్‌ను పుట్టించదు.

ట్యాంకులో పెయింటు కొడుతుంటే థిన్నర్ ఆవిరి అడుగున చేరుతుంది. ఒక్క నిప్పురవ్వ, ఒక్క మామూలు బల్బు, జేబులోని ఫోను చాలు. పని అయిపోయాక కూడా కోటింగ్ ఆరేదాకా ఆవిరి వస్తూనే ఉంటుంది. ఫ్యాన్ ఆపొద్దు.

లోపల మన తమ్ముడు పడిపోయాడు. మనం ఏం చేస్తాం? ముందూ వెనకా చూడకుండా దూకుతాం. ఒక్క ట్యాంకులో ఇద్దరు, ముగ్గురు పోయేది ఇలాగే, కాపాడబోయిన వాళ్లతో కలిపి. ప్రేమ ఉంటే దిగకండి. కేక వేయండి, గాలి లోపలికి పంపండి, తాడు కట్టి ఉంటే లాగండి, సిలిండర్ మాస్కు ఉన్న రెస్క్యూ వాళ్లను పిలవండి. అందుకే దిగేవాడికి ముందే బెల్టు, తాడు ఉండాలి. మ్యాన్‌హోల్ దగ్గర కూర్చునే మనిషి ఆ పని తప్ప ఇంకో పని చేయకూడదు, టీ తేవడానికి కూడా పోకూడదు.

*అడగడం ఎలా*

"అన్నా, ఇవన్నీ అడిగితే ఫోర్‌మెన్ ఊరుకుంటాడా? ఇంటి మీద అప్పుంది" అంటారు. నాకు తెలుసు. వీసాకు కట్టిన డబ్బు వడ్డీతో కలిపి తీరేదాకా మన నోరు లేవదు. అందుకే ఒక్కడే గొడవ పెట్టుకోవద్దని చెప్తున్నా. ముగ్గురు నలుగురు కలిసి, మర్యాదగా అడగండి. "భాయ్, పహలే గ్యాస్ చెక్ కరో, పర్మిట్ దిఖావో." ఇది ఎదురు తిరగడం కాదు. పర్మిట్ లేకుండా పని జరిగితే రేపు ఇరుక్కునేది ఆ ఫోర్‌మెనే, అది ఆయనకూ తెలుసు.

రోజూ చూసుకోవాల్సినవి ఇవి:

1. టిన్ను మీద ఎర్ర అంచు డైమండ్ బొమ్మలు చూడండి. మంట అంటే అంటుకుంటుంది. పుర్రె అంటే విషం. చెయ్యి కరుగుతున్న బొమ్మ అంటే కాలుస్తుంది. మనిషి ఛాతీ మీద నక్షత్రంలా ఉంటే ఊపిరితిత్తులకు, లోపలి అవయవాలకు దెబ్బ.

2. ప్రతి సరుకుకూ సేఫ్టీ డేటా షీట్ ఉంటుంది. అందులో 16 భాగాలు. 4వది ప్రథమ చికిత్స, 8వది ఏ మాస్కు, ఏ గ్లౌజులు అన్నది. ఫోను కెమెరాతో తెలుగులోకి మార్చి చదవొచ్చు. ఈ రెండు భాగాలు చాలు.

3. ట్యాంకులోకి దిగేముందు ఆక్సిజన్, మండే గ్యాస్, విష గ్యాస్ మూడూ చెక్ చేయించండి. పొద్దున చేసిన చెక్ మధ్యాహ్నానికి పనికిరాదు.

4. వాడే పెయింటు టిన్ను లేబుల్ ఫోటో తీసి ఫోనులో పెట్టుకోండి. సైటులో ఫోటో మనా అయితే పేరు కాగితం మీద రాసుకోండి. ఆసుపత్రిలో ముందు అడిగేది అదే.

5. ఎమర్జెన్సీ నంబర్లు: సౌదీ అంబులెన్స్ 997, యూఏఈ అంబులెన్స్ 998, కువైట్ 112, ఖతార్ 999, బహ్రెయిన్ 999, ఒమన్ 9999.

6. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద ఎమిగ్రేషన్ క్లియరెన్సుతో వచ్చిన వాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా పనికి రాకుండా పోయినా 10 లక్షలు. ఆ కాగితం కాపీ ఇంట్లో ఒకటి ఉండాలి. గడువు తీరిందేమో ఈ రాత్రే చూసుకోండి.

బతికుంటే బలుసాకు తినొచ్చని మన పెద్దలు ఊరికే అనలేదు. మనం వేసిన కోటు 20 ఏళ్లు ఉండాలని కంపెనీ గ్యారంటీ రాయించుకుంటుంది. మన ఊపిరితిత్తులకు ఏ కంపెనీ గ్యారంటీ ఇవ్వదు. ఇంటికి డబ్బు పంపడం ఒక్కటే కాదు, పిల్లల పెళ్లిళ్లకు మెట్లెక్కి దిగే దమ్ముతో తిరిగి పోవాలి మనం.

మీ రూములో పెయింటర్, బ్లాస్టర్, ట్యాంక్ క్లీనర్ ఎవరున్నా వాళ్లకు ఇది పంపండి. చదవడం రానివాళ్లకు పైకి చదివి వినిపించండి. అనుమానాలుంటే గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టండి, వచ్చే శుక్రవారం మాట్లాడుకుందాం.

ఉంటాను, సెలవు.