మందు నిచ్చుట – మాట చెప్పుట

(రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



పుస్తకమునకును మందునకును ఒక సామ్యము కలదు. రెండును చదువ నెరిగినవారికే పూర్తిగా ఉపకరించును. అయితే పుస్తకమును తప్పుగా చదివినచో కలుగు నష్టము స్వల్పము. మందుచీటిని తప్పుగా చదివినచో ప్రాణమునకే ముప్పు. కావున గ్రంథాలయ రజతోత్సవ వేదికపై ఔషధములను గూర్చిన ప్రసంగము అసందర్భము కానేరదు.

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనాలయమున కృషి సల్పి 1948లో కీర్తిశేషులైరి. ఆయన నాయకత్వమున జరిగిన పరిశోధనల ఫలములలో మెథోట్రెక్సేట్ ఒకటి. తొలుత కాన్సరు చికిత్సకు ఉపయోగపడిన ఈ మందును వైద్యులు నేడు కీళ్లవాతమునకు స్వల్ప మోతాదున వ్రాయుచున్నారు. ఆ జబ్బునకు దీనిని వారమునకు ఒక్క దినము మాత్రమే తీసికొనవలెను. తెలియక ప్రతిదినము మ్రింగినవారికి నోరు పూసి, రక్తకణములు క్షీణించి, కడకు మరణము సంభవించిన సందర్భములు పెక్కు దేశములలో కలవు. దీనికి తోడుగా వైద్యులు ఫోలిక్ ఆమ్లపు బిళ్లలను కూడ ఇత్తురు. ఈ రెండును తరచుగా చిన్న పసుపు బిళ్లలే యగుటచే ఒకదాని కొకటి మారిపోవుట సులభము.

ఒక వృద్ధురాలు ఇట్టి చీటితో మందుల అంగడికి వచ్చినదనుకొనుడు. అంగడిలోని ఫార్మసిస్టు బిళ్లలు చేతికిచ్చి డబ్బు పుచ్చుకొన్నచో, ఆతడు వ్యాపారము చేసినవాడే గాని విధిని నెరవేర్చినవాడు కాడు. “మామ్మగారూ, ఈ బిళ్ల ఎప్పుడెప్పుడు వేసుకొంటారు?” అని ఆతడు అడుగవలెను. “రోజూ పొద్దున్నే గదా, నాయనా!” అని ఆమె అన్నప్పుడు గాని లోపము బయటపడదు. అప్పుడాతడు చీటిని మరల చూచి, “కాదండీ, వారానికి ఒక్కసారే, ఆదివారంనాడు మాత్రమే” యని చెప్పి, ఆ వారము పేరును పొట్లముపై పెద్ద అక్షరములతో వ్రాసి, ఆమె చేత తిరిగి చెప్పించవలెను. ఈ పనికి పట్టు కాలము రెండు నిమిషములు. దక్కునది ఒక ప్రాణము.

ఇది కేవలము దయాధర్మము కాదు. భారతదేశమున ఔషధముల చట్టము 1940లోను, ఫార్మసీ చట్టము 1948లోను వచ్చినవి. రోగితో స్వయముగా మాటాడి, మందు వాడు విధమును తెలుపుట రిజిస్టరయిన ఫార్మసిస్టు కర్తవ్యమని 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలు చెప్పుచున్నవి. అట్టకు నిలువునా ఎఱ్ఱగీత యున్న మందులను వైద్యుని చీటి లేక అమ్మరాదు, కొనరాదు.

నిత్యము ఇండ్లలో జరుగు పొరపాట్లు మరికొన్ని కలవు. పసిపిల్లల జ్వరమునకిచ్చు పారాసెటమాల్ చుక్కల మందులో 1 మి.లీ.కు 100 మి.గ్రా. ఔషధ ముండును. అదే పేరుగల సిరప్పులలో ఒక రకమున 5 మి.లీ.కు 125 మి.గ్రా. మాత్రమే యుండును. సిరప్పనుకొని చుక్కల మందును 5 మి.లీ. పోసినచో బిడ్డకు 125కు బదులు 500 మి.గ్రా. చేరును, అనగా నాలుగింతలు. కావున సీసా మారినప్పుడెల్ల కొలతను మరల అడిగి తెలిసికొనవలెను. వంటింటి చెంచా పనికిరాదు. సీసాతో వచ్చిన కొలపాత్రనే వాడవలెను.

విరేచనములకిచ్చు ఓ.ఆర్.ఎస్. పెద్ద పొట్లమును 1 లీటరు మంచినీటిలో ఒకేసారి కలుపవలెను. పొదుపు కొఱకు గ్లాసునకు చిటికెడు చొప్పున కలిపినచో పాళ్లు తప్పును. పొట్లమంతయు ఒక్క గ్లాసులో పోసినచో ఉప్పు అధికమై బిడ్డకు కీడు కలుగును. కలిపిన నీటిని 24 గంటలు దాటిన పిమ్మట పారబోయవలెను.

క్షయరోగులకిచ్చు రిఫాంపిసిన్ వలన మూత్రము నారింజ రంగునకు మారును. ముందుగా చెప్పనిచో రోగి రక్తము పోవుచున్నదని బెదరి మందు మానివేయును. నెలల తరబడి సాగవలసిన చికిత్స నడుమ ఆగినచో వ్యాధి తిరుగబెట్టి, మందులకు లొంగని స్థితికి వచ్చును. ఆ యింటివారికి సైతము అపాయమే. ఒక్క మాట చెప్పకపోవుటవలన ఎంత చేటు!

మందు పుచ్చుకొనువారికిని బాధ్యత కలదు. ఈ మందు దేనికి? ఎంత? ఎప్పుడు, భోజనమునకు ముందా, వెనుకా? ఎన్ని దినములు? ఏ లక్షణము కనబడినచో వెంటనే వైద్యుని చూడవలెను? ఈ అయిదు ప్రశ్నలకు సమాధానము దొరకనిదే అంగడి మెట్లు దిగరాదు. వాడుచున్న ఇతర మందులను, నాటు మందులను సైతము దాచక చెప్పవలెను. అడుగుటలో చిన్నతనము లేదు. అడుగక మ్రింగుటలోనే ప్రమాదము కలదు.

ఇక గ్రంథాలయమునకు వచ్చు యువకులు చేయదగిన సేవ యొకటి మిగిలినది. ఇరుగుపొరుగున చదువురాని వృద్ధులుందురు. వారి మందుల పెట్టెను నెలకొకమారు చూచి, గడువు తీరినవానిని వేరుచేసి, పూటపూటకు వేసికొనవలసినవానిని చీటిప్రకారము తెలుగులో వ్రాసి పెట్టవచ్చును. చీటి బోధపడనిచోట ఊహింపక ఫార్మసిస్టును గాని వైద్యుని గాని అడుగవలెను. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము పంచిన అక్షరము పొరుగువాని ప్రాణమును నిలిపిన దినమున రజతోత్సవము సార్థకమగును.

స్వస్తి.