పి.హెచ్. మీటరును రోజూ సరిచూడాలి
(పాల సంఘాల కార్యదర్శులు, సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



కాటా తప్పితే మీరు ఊరుకోరు. కొలపాత్రకు సొట్టపడితే నిలదీస్తారు. ప్రయోగశాలలోని పి.హెచ్. మీటరు కూడా ఒక కాటాయే. అది పాల పులుపును తూస్తుంది. అది తప్పు చూపితే మంచి పాలు వెనక్కి పోతాయి, లేదా పులిసిన పాలు మంచి పాలలో కలుస్తాయి. ఎటు చూసినా నష్టం మనదే.

ఈ కొలతను 1909లో డెన్మార్కు శాస్త్రవేత్త సోరెన్‌సెన్ ప్రవేశపెట్టారు. 7 తటస్థం. అంతకు తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం. తాజా పాలు సాధారణంగా 6.6 నుండి 6.8 వరకు ఉంటాయి. 6.5 కన్న తగ్గితే పులుపు మొదలైనదని అనుమానించాలి. 6.8 దాటితే పొదుగువాపు సోకిన పశువు పాలు గాని, పులుపు తెలియకుండా సోడా కలిపిన పాలు గాని కావచ్చును. మంచి చెడ్డలకు నడుమ ఉన్నది రెండు మూడు పదోవంతులే. కనుక మీటరు ఒక్క పదోవంతు తప్పినా తీర్పు తారుమారు కావచ్చును.

సరిచూసే పద్ధతి ఇది. మీటరును నీరు, ఎండ తగలని బల్లమీద ఉంచాలి. ఎలక్ట్రోడు చివరనున్న గాజు బుడ్డి చాలా పలుచన. దానిని పొటాషియం క్లోరైడు ద్రావణంలో ఉంచాలి. ఎండనివ్వరాదు, డిస్టిల్డు వాటరులో నిలవ ఉంచరాదు. పని మొదలుపెట్టేముందు డిస్టిల్డు వాటరుతో కడిగి, మెత్తని కాగితంతో అద్దాలి. రుద్దరాదు.

ముందుగా 7 బఫరు ద్రావణంలో ముంచి, అంకె కదలకుండా నిలిచిన తరువాత 7కు సరిచేయాలి. మరల కడిగి, 4 బఫరులో ముంచి 4కు సరిచేయాలి. తిరిగి 7 బఫరులో చూసి, సరిగా ఉన్నదని రూఢి చేసుకోవాలి. పాలు ఈ రెండు అంకెల నడుమనే ఉంటాయి కనుక ఈ రెండు బఫర్లు చాలును. ఒకసారి వాడిన బఫరును తిరిగి సీసాలో పోయరాదు.

ఉష్ణోగ్రత విషయంలో చాలామంది పొరబడతారు. బఫర్లు, పాలు రెండూ 25 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ఉండాలి. చల్లని పాల పి.హెచ్. కొంచెం ఎక్కువగా ఉంటుంది. అందువల్ల ట్యాంకులోనుండి తీసిన పాలను వెంటనే చూస్తే కొద్దిపాటి పులుపు బయటపడదు. మీటరులోని ఉష్ణోగ్రత సవరణ ఎలక్ట్రోడుకు సంబంధించినదే గాని, పాలలో వచ్చే మార్పును సరిచేయదు.

పాలలోని వెన్న, మాంసకృత్తులు బుడ్డికి పొరలా పట్టి అంకెను ఆలస్యం చేస్తాయి. కనుక ప్రతి నమూనాకు నడుమ నీటితో కడగాలి. పని ముగిసిన తరువాత గోరువెచ్చని సబ్బునీటిలో జాడించి, మంచినీటితో, పిదప డిస్టిల్డు వాటరుతో కడగాలి.

చివరగా రెండు కోర్కెలు. ప్రయోగశాలలో ఒక పుస్తకం ఉంచి తేదీ, వేళ, ఉష్ణోగ్రత, రెండు బఫర్లలో వచ్చిన అంకెలు వ్రాసి సంతకం చేయాలి. పాలు తిరస్కరించే ముందు మీటరును బఫరులో మరొకసారి చూసి, నమూనాను తిరిగి పరీక్షించాలి. ఆ పుస్తకం చూపించమని అడిగే హక్కు ప్రతి సంఘానికి ఉండాలని మా అభిప్రాయం. అడిగేవారుంటేనే మీటరు సరిగా ఉంటుంది.