మోకాళ్ళ నొప్పి చాటున మరో జబ్బు



మా వీధిలో ఒక పెద్దావిడ ఉన్నారు. పదేళ్ళుగా మోకాళ్ళ నొప్పులు. కాపడం పెట్టుకోవడం, తైలం రాసుకోవడం అలవాటైపోయింది. ఒకనాడు స్నానాలగదిలో కాలు జారింది. పడింది చిన్నగానే, కాని తుంటి ఎముక విరిగింది. మోకాళ్ళు అరిగాయని ఇంట్లో అందరికీ తెలుసు. ఎముకలు గుల్లబారాయని మాత్రం ఎవరికీ తెలియదు.

ఇవి రెండూ వేరు వేరు జబ్బులండీ. కీళ్ళ అరుగుదలలో ఎముకల చివర మెత్తలా ఉండే మృదులాస్థి అరుగుతుంది. నొప్పి, వాపు కనిపిస్తూనే ఉంటాయి. ఎముకలు గుల్లబారడం, అంటే ఆస్టియోపొరోసిస్‌లో, ఎముక లోలోపల చెదతిన్న దూలంలా అవుతుంది. ఏదైనా విరిగేదాకా నొప్పే తెలియదు. కొందరికి వెన్నుపూసలు నలిగి నడుం వంగుతుంది, మనిషి ఎత్తు తగ్గుతుంది. 'ముసలితనం కదా' అని సరిపెట్టుకుంటాం.

ఒకటి ఉంటే రెండోది రాదనుకోకండి. రెండూ వయసుతో వచ్చేవే. ఆడవాళ్ళకు బహిష్టులు ఆగిన తర్వాత కొన్నేళ్ళపాటు ఎముక సారం మరీ త్వరగా తరిగిపోతుంది. దానికితోడు మోకాలి నొప్పని నడక మానేస్తే ఎముక బలం తగ్గుతుంది. గుమ్మం దాటకపోతే ఎండ తగలదు, విటమిన్ డి తగ్గుతుంది. అది బాగా తగ్గితే తిన్న కాల్షియం ఒంటికి పట్టక ఎముకలు మెత్తబడతాయి. దాని పేరు ఆస్టియోమలేసియా, అది మూడో చిక్కు.

మరో మాట. నొప్పి చిటికెలో పోతుందని ఎవరో ఇచ్చే పేరులేని పొట్లాలు వేసుకోకండి. అలాంటి వాటిలో స్టెరాయిడ్లు కలుపుతున్న సందర్భాలున్నాయి. నెలల తరబడి వాడితే మోకాలికి సుఖమనిపిస్తూనే ఎముకను గుల్ల చేస్తాయి. డాక్టరు రాసిన స్టెరాయిడ్లనైతే మీ అంతట మీరు హఠాత్తుగా మానకూడదు. ఆయన్నే అడగండి.

మామూలు ఎక్స్‌రేలో ఎముక గుల్లబారడం తొలిదశలో కనబడదు. డెక్సా పరీక్షలో తెలుస్తుంది. అందులోనూ ఒక తిరకాసుంది. అరిగిన వెన్నుపూసల అంచున పెరిగే ఎముక మొలకలవల్ల వెన్ను నిజానికి ఉన్నదానికంటే గట్టిగా ఉన్నట్టు లెక్క రావచ్చు. అందుకే తుంటి లెక్క కూడా చూస్తారు.

మన చేతిలో ఉన్నదేమిటి? బహిష్టులు ఆగినవారికి రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. నూరు గ్రాముల రాగిపిండిలో సుమారు 350 ఉంటుంది. పాలు, పెరుగు, నువ్వులు ఉండనే ఉన్నాయి. మాత్రలు మాత్రం డాక్టరును అడిగే వేసుకోవాలి. మోకాలు ఓర్చుకున్నంత నడవాలి. స్నానాలగదిలో పట్టుకోవడానికి గోడకు ఒక కడ్డీ, రాత్రిళ్ళు ఒక చిన్న దీపం పెట్టించండి.

ఈ వారం మీ అత్తగారినో, అమ్మనో మూడు ప్రశ్నలు అడగండి. ఎత్తు తగ్గారా? చిన్నగా పడితేనే ఎప్పుడైనా ఎముక విరిగిందా? స్టెరాయిడ్లు చాలాకాలం వాడారా? ఒక్కదానికి అవునన్నా డాక్టరుకు చూపించండి. అలాగే అరవై అయిదు దాటినవారికి ఏ బాధా లేకపోయినా ఎముక పరీక్ష చేయించడం మంచిది. అడిగే మనకూ ఆ వయసు వస్తుంది. మన గ్లాసు పాలు కూడా మరిచిపోకూడదు సుమండీ!