మట్టిపావురమునకు తగిన తుపాకి

పాకాల చెఱువు చుట్టుపట్ల గల పాత యిండ్లలో, గోడకొయ్యకు జోడుగొట్టముల తుపాకి వ్రేలాడుచుండుట మన పెద్దలలో పలువురెఱిగిన దృశ్యమే. ఓరుగల్లు సీమలో వేట యొకనాడు దొరలకు వినోదము, సేద్యగానికి పంటకాపు. ఆ కాలము గడచినది. 1952లో పాకాల అడవి అభయారణ్యమైనది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము రాగా వేటవినోదమునకు చెల్లుచీటి వ్రాసినట్లైనది. అది మంచిదే. కాని యెగురుచున్న గుఱిని కొట్టు నేర్పు మాత్రము నశింపనక్కఱలేదు. ప్రాణిహింస లేకయే ఆ నేర్పును నిలుపుకొనుటకు మట్టిపావురముల క్రీడ కలదు. ఆ క్రీడకు దిగదలచినవారు ఎట్టి తుపాకిని ఎన్నుకొనవలెనో నేడు ముచ్చటింతము.

పేరు మట్టిపావురమే కాని, నేడు అది మట్టియు కాదు, పావురమును కాదు. పూర్వము ఐరోపాలో సజీవములైన పావురములనే బోనులనుండి వదలి కాల్చెడివారు. 1900లో పారిస్ ఒలింపిక్సు నాడును అట్టి పోటీ జరిగినది. అంతకుముందే, 1880 ప్రాంతమున, అమెరికాలోని సిన్సినాటి నగరవాసియగు జార్జి లిగౌస్కీ కాల్చిన మట్టితో పళ్లెరము వంటి గుఱిని చేసెను. ఇప్పటి గుఱి సున్నపురాతి పొడిని కీలుతో కలిపి అచ్చుపోసిన బిళ్ల. దాని అడ్డుకొలత 110 మిల్లీమీటర్లు, బరువు 105 గ్రాములు. ఆకాశమున పరుగెత్తు చిన్న మూకుడనుకొనుడు.

ఈ క్రీడలో ముఖ్యముగా రెండు తెఱగులు. మొదటిది ట్రాప్. కాల్చువాని ముందు 15 మీటర్ల దూరమున నేలలో గోతి యుండును; అందు 15 యంత్రములుండును. అతడు పిలువగనే ఒక బిళ్ల బయలుదేఱి యెదుటికి పాఱిపోవును. ఎడమకో, కుడికో, ఎంత యెత్తునకో ముందుగా తెలియదు. తుపాకిని మాత్రము భుజమున ఆనించుకొనియే పిలువవచ్చును. రెండవది స్కీట్. ఇందు ఇరుప్రక్కల నొక ఎత్తుగూడు, ఒక పొట్టిగూడు ఉండును. బిళ్ల పోవు త్రోవ తెలిసినదే. కాని బిళ్ల కనబడువఱకు తుపాకి మడమ నడుముకడనే యుండవలెను. పిలిచిన పిదప అది రాక 3 సెకండ్ల వఱకును ఆలస్యము కావచ్చును. కనుక “ఏ తుపాకి?” అను ప్రశ్నకు ముందు “ఏ ఆట?” అని అడుగుకొనవలెను.

“తాతగారి తుపాకి యింటనుండగా క్రొత్తది యెందులకు?” అని కొందఱు తలంతురు. ఇచ్చటనే మిక్కిలి జాగరూకత కావలెను. వెనుకటి తుపాకులలో పెక్కింటికి తూటాగది 65 మిల్లీమీటర్లు. నేటి తూటాలు సాధారణముగా 70 మిల్లీమీటర్లవి. ఈ కొలత పేలిన పిదప విచ్చుకొన్న తూటా పొడవు. పేలకముందు దాని మూతి ముడిచియుండును గనుక అది పొట్టిగదిలోను చక్కగా పట్టును. పట్టినది గదా యని మనము మోసపోదుము. పేలునపుడు మూతి విచ్చుకొనుటకు చోటు చాలక లోని ఒత్తిడి ప్రమాదకరముగా పెరుగును. ఇనుప, ఉక్కు పట్టీలను మెలివేసి అతికిన డమాస్కస్ గొట్టములైనచో భయము ఇంకను హెచ్చు. అవి నల్లమందు కాలమునాటివి. నేటి మందునకు గొట్టము పగిలి చేయి పోవచ్చును. ఆ తుపాకిని నిపుణుడైన తుపాకి మిస్త్రీ కొలిచి చూడక పేల్పరాదు. దానిని జ్ఞాపికగా గౌరవించుట వేఱు, ఆటకు తెచ్చుట వేఱు.

ఆటకు నేడు వాడునది ఒక గొట్టముపై నొక గొట్టముండు 12 బోరు తుపాకి. ప్రక్కప్రక్కనుండు గొట్టములకంటె ఇది సన్నని చూపునిచ్చును. ట్రాప్ ఆడువారు 76 లేక 81 సెంటీమీటర్ల గొట్టములు కోరుదురు. స్కీట్‌లో త్వరగా త్రిప్పవలసియుండుటచే 71 మొదలు 76 వఱకు చాలును. గొట్టము కొనను ఇఱుకుచేయుటను చోకు అందురు. దూరముగా పోవు ట్రాప్ బిళ్లకు ఇఱుకుచోకు, దగ్గఱగా సాగు స్కీట్ బిళ్లకు వెడల్పుచోకు తగును. తూటాలో సీసపు రవ్వలు 24 గ్రాములకు మించరాదని అంతర్జాతీయ నియమము. ఇక తుపాకి బరువు మూడున్నర నాలుగు కిలోలు ఉండుట దోషము కాదు. బరువైన తుపాకి భుజమును తక్కువగా తన్నును.

ఇవి యన్నియు సరిపడినను, అసలు సంగతి మిగిలియున్నది. తుపాకి మన మేనికి కుదురవలెను. రైఫిలునకు వలె దీనికి వెనుక గుఱి లేదు. కాల్చువాని కన్నే వెనుక గుఱి. చెంప మడమపై నానినపుడు కన్ను గొట్టపు నడిమి పట్టీకి సరిగా రావలెను. కన్ను ఒక్క సెంటీమీటరు తొలగినచో 35 మీటర్ల దూరమున దెబ్బ సుమారు 35 సెంటీమీటర్లు తొలగును. బిళ్ల వెడల్పో 11 సెంటీమీటర్లు మాత్రమే! ఐరోపా కొలతలకు చేసిన మడమ మన స్త్రీలకును, పొట్టివారికిని పొడవగుట కలదు. తుపాకి నెత్తి పట్టినపుడు ముక్కునకు, పిడిపైనున్న బొటనవ్రేలికి నడుమ రెండు వ్రేళ్ల యెడముండుట మంచి గుర్తు. చెంప తావును ఎత్తుటకు దింపుటకు వీలున్న మడమ ఎదుగుచున్న యువకులకు మేలు.

కన్ను సంగతియు పరీక్షింపుడు. రెండు కన్నులును తెఱచి దూరపు తాటిచెట్టును చూపుడువ్రేలితో చూపుడు. పిదప ఎడమకన్ను మూయుడు. వ్రేలు చెట్టుపైననే నిలిచినచో కుడికన్నే పెత్తనము చేయుచున్నది. జరిగినట్లు తోచినచో ఎడమది. కుడిచేతివానికి ఎడమకన్ను పెత్తనమైనచో ఎడమభుజమున కాల్చుట నేర్చుకొనవలెను. లేదా అద్దములో ఎడమకంటికి చిన్న మఱుగు పెట్టుకొనవలెను. ఇది తెలియక వేలకు వేలు తూటాలు వ్యర్థము చేసి, నాకు చేతగాదని ఆట మానినవారు కలరు. తప్పు చేతిది కాదు, కొలతది.

బెరెట్టా వంశమువారు 1526 నుండి గొట్టములు చేయుచున్నారు. పెరాజ్జీ 1957లో వెలసినది. రెండును ఇటలీవి, ఘనమైన పేళ్లే. కాని చెప్పు ఎంత వెలపెట్టి కొన్నను కఱచెనేని నడువజాలము గదా! కనుక కొనుటకు ముందు అరువు తుపాకులతో కాల్చి చూడుడు. హైదరాబాదు గచ్చిబౌలిలో విశ్వవిద్యాలయపు ఆవరణయందు ఈ క్రీడకు మైదానము కలదు. ఆ నగరపు కైనన్ చెనాయ్ 2016లో రియో ఒలింపిక్సున ట్రాప్ ఆడెను. 2023లో హాంగ్‌జౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో జట్టుకు స్వర్ణము, తనకు కాంస్యము గడించెను. కొన్ని దినములు శిక్షకుని యెదుట కాల్చినచో, ఏ కొలత మనదో భుజమే చెప్పును. తొందరపడి కొన్న తుపాకిని మార్చుకొనుట చీరను మార్చుకొనుటవంటిది కాదు. 1959 నాటి ఆయుధ చట్టము ప్రకారము లైసెన్సు కావలెను. 2019 సవరణ పిదప సాధారణ పౌరుడు రెండు తుపాకులకు మించి యుంచుకొనరాదు. తాతగారి లైసెన్సు మనుమనికి తనంతట సంక్రమింపదు.

కడపటి మాట గృహిణులకు, గృహస్థులకు. తుపాకి యింటికి వచ్చిన నాడే తాళముగల బీరువాయు రావలెను. తుపాకి యొకచోట, తూటాలు వేఱొకచోట నుండవలెను. మైదానమునను కాల్చు తావున తప్ప తుపాకిని విఱిచి, గొట్టములు ఖాళీగా కనబడునట్లు పట్టుకొనవలెను. పాత కాలపు తుపాకి గోడమీదనే వ్రేలాడెడిది. అది నేటి యింటికి ఆదర్శము కాదు. మేనికి కుదిరిన తుపాకి, దానిని అదుపుననుంచు బుద్ధి, ఈ రెండును కలిసిననాడే ఎగురు మూకుడు ముక్కలగుట అందఱకును వేడుకయగును.